హల్కా అన్న పాపానికి

పద్దెనిమిదేళ్లుగా ఢిల్లీ చుట్టుపక్కలే ఉంటున్నాను. కూరగాయల భయ్యాతో బేరమాడటానికి, ఆటోవాలాతో తగువు పెట్టుకోవడానికి నా హిందీ చాలు. మీటింగుకి చాలదు. ఆ సంగతి తెలియక కాదు, గుంటూరులో పుట్టిన నోరు ఊరుకోదు.

నేను గురుగ్రామ్‌లో ఒక గోదాముల కంపెనీకి సాఫ్ట్‌వేర్ చూస్తాను. ఉత్తరాదిలో చాలా ఊళ్ల బయట, హైవేల పక్కన మా గోదాములున్నాయి. లారీ వస్తే గేటు దగ్గరి గార్డు తన ఫోన్లో దాని వివరాలు కొట్టాలి, గేట్ పాస్ పుట్టాలి, అప్పుడు లారీ లోపలికి పోవాలి. చెప్పడానికి ఇంతే. అప్పట్లో వాడుతున్న సిస్టమ్ మాత్రం పెళ్లివారి సామానంత ఉండేది. తెరవగానే కంపెనీ బొమ్మలు, కదిలే పటాలు, రంగురంగుల గ్రాఫులు. గేటు దగ్గర సిగ్నల్ అంతంతమాత్రం, గార్డు ఫోను అంతకంటే అంతంతమాత్రం. పేజీ తెరుచుకునేలోగా లారీలు రోడ్డు మీదికి బారులు తీరేవి, డ్రైవర్లు గార్డు వంశాన్నంతా తలుచుకునేవారు.

దాన్ని మార్చే పని ఇద్దరికి అప్పగించారు. ఒకణ్ణి నేను. రెండో ఆమె వరంగల్ అమ్మాయి, ముప్పై అయిదేళ్లుంటాయి. భర్తది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండేవారు. బిడ్డ కోసం నాలుగేళ్లు ఉద్యోగం మానేసింది. మళ్లీ వెతుక్కోబోతే ఆ నాలుగేళ్లు చూసి ఎక్కడా పర్మనెంటుగా తీసుకోలేదు. మా దగ్గర ఏడాది కాంట్రాక్టు మీద చేరింది. "ఇది బాగా వస్తే నిన్ను పర్మనెంట్ చేయమని నేనే అడుగుతానమ్మా, నువ్వేం కంగారుపడకు" అని మొదటి వారంలోనే మాటిచ్చాను. ఆమె అడగలేదు, నేనే ఇచ్చాను.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకన్నది మా సిద్ధాంతం. బొమ్మలు లేవు, యాప్ దించుకునే పని లేదు. మామూలు వెబ్ పేజీ, నాలుగు గళ్లు, ఒక బటన్. అసలు కిటుకు వెనకాల ఉంది. మా సర్వర్ ఎవరినీ గుర్తుపెట్టుకోదు. టిఫిన్ హోటల్లో టోకెన్ తీసుకుంటే ఏ కౌంటర్లో ఇచ్చినా ఇడ్లీ పెడతారు. మీరెవరో, ఇందాక ఎక్కడ నిలబడ్డారో వాళ్లకి అనవసరం. అలాగే గార్డు ఫోను పంపే ప్రతి కబురులోనూ కావలసిందంతా ఉంటుంది, ఏ సర్వర్ అందుకున్నా పని జరిగిపోతుంది. రద్దీ పెరిగితే ఇంకో కౌంటర్ తెరిచినట్టు ఇంకో సర్వర్ పెడితే సరి. పెద్ద కంపెనీకి పెద్ద సరంజామా ఉండి తీరాలని అనేవాళ్లతో నేను చాలాసార్లు గొడవపడ్డాను.

సిద్ధాంతం నాది. పని ఆమెది. మే నెల ఎండలో మూడు వారాలు మా మానేసర్ గోదాము గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. గార్డులు లారీ నంబరు మొత్తం చదవరనీ, చివరి నాలుగంకెలే పైకి అనుకుంటారనీ కనిపెట్టింది. ఆ రోజు రావలసిన లారీల జాబితాలోంచి మిగతాదంతా సిస్టమే వెతుక్కునేలా చేసింది. నాలుగు గళ్లు కాస్తా ఒకటయ్యాయి. సిగ్నల్ అందకపోతే గార్డు బటన్ని టకటకా నొక్కేవాడు, ఒక్క లారీకి అయిదారు పాసులు పుట్టేవి. పదిసార్లు నొక్కినా ఒక్కటే పుట్టేలా చేయడానికి పది రోజులు కుస్తీ పట్టింది. సాయంత్రం మొహమంతా దుమ్ముతో ఆఫీసుకొచ్చి, "సార్, ఇయ్యాల ఇంకోటి తీసేసిన" అనేది, ఏదో సంపాదించుకొచ్చినట్టు. కోడ్ రాసేవాళ్లను చాలామందిని చూశాను. తీసేయగలిగినవాళ్లను ఆమె ఒక్కతెనే చూశాను.

డైరెక్టరుగారికి చూపించే రోజు వచ్చింది. ఆయన లారీల వ్యాపారంలోంచి పైకొచ్చిన మనిషి. ఇంగ్లీషు బాగానే వచ్చు గానీ మా కంప్యూటరు పదాలంటే ఒళ్లుమంట. "హిందీ మే సమ్‌ఝాయియే" అన్నారు. ఇంగ్లీషులో లైట్‌వెయిట్ అనేదాన్ని నేను మనసులో తేలిక అనుకుని, అక్కణ్ణుంచి హిందీలోకి దూకాను.

"సర్, హమారా సిస్టమ్ బహుత్ హల్కా హై."

ఛాతీ విరుచుకుని మరీ చెప్పాను. గదంతా నవ్వు. "హల్కా? భాయ్ సాబ్, హమే తో మజ్‌బూత్ చాహియే" అన్నారాయన, మాకు గట్టిది కావాలయ్యా అని. అయినా పోనీలే అని ఒక్క గేటు దగ్గర పెట్టి చూడమన్నారు.

ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్పాను. అది ఇక్కడే పుట్టింది, తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు హిందీలోనే ఇస్తుంది. "పాపా! హల్కా మత్‌లబ్ సస్తా భీ హోతా హై. ఐసా కౌన్ బోల్తా హై?" అని నెత్తి కొట్టుకుంది. చవకబారు అనే అర్థం కూడా ఉందట, ఎవరూ అలా అనరట. తేలిక అనడంలో తప్పేముందని వాదించబోయాను. మనమూ మనుషుల్ని తేలిగ్గా తీసిపారేస్తాం కదా అని గుర్తొచ్చి అన్నం మీదికి వంగాను.

ఒక్క గేటు నాలుగు గేట్లయింది, తర్వాత అన్నీ అయ్యాయి. దీపావళి రద్దీకి లారీలు విరుచుకుపడ్డాయి. ఆమె రెండు సర్వర్లు అదనంగా పెట్టింది, అంతే. ఏ గేటు దగ్గరా బారు రోడ్డెక్కలేదు. పండగ తర్వాత జరిగిన మీటింగులో డైరెక్టరుగారు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. ఆమెను ఆ మీటింగుకి పిలవలేదు, కాంట్రాక్టువాళ్లను పిలవరు. నెలాఖరుకి ఆమె గడువు అయిపోతుంది. ఇదే సమయమని గొంతు సవరించుకుని ఆమెను పర్మనెంట్ చేసే సంగతి ఎత్తాను.

ఆయన నవ్వారు. "ఆప్ హీ నే కహా థా హల్కా హై. ఇత్‌నీ హల్కీ చీజ్ కే లియే దో లోగ్ క్యోం?"

ఇంత తేలికైనదానికి ఇద్దరెందుకు? నేనన్న మాటే తిప్పి నాకు అప్పజెప్పారు. జవాబు నాకు తెలుసు. దాని బరువంతా ఒకరు మోశారు కాబట్టే అది తేలిగ్గా ఉంది. తెలుగులో నాలుక చివరిదాకా వచ్చింది. హిందీలోకి మార్చబోయాను. బరువు అంటే బోఝ్. బోఝ్ పుల్లింగమా, స్త్రీలింగమా? ఆనాటి నవ్వు చెవుల్లో మోగింది. పదిమంది నా మొహంలోకే చూస్తున్నారు.

"ఠీక్ హై సర్" అన్నాను.

ఇంగ్లీషులో చెప్పి ఏడవొచ్చు కదా అని మీరంటారు. అనండి. ఇద్దరు ఎందుకన్నప్పుడు నా కుర్చీ కూడా ఒకసారి కళ్ల ముందు కదిలింది. హిందీ రాకపోవడం సగం కారణం, అది మిగతా సగం. ఆ రోజంతా ఆమెకు మొహం చూపించకుండా తిరిగాను.

ఇంటికి పోయి మా అమ్మాయిని అడిగి ఆ వాక్యం రాయించుకున్నాను. బోఝ్ పుల్లింగమేనట. పొద్దున మెట్రోలో పరీక్షకు చదివినట్టు బట్టీ పట్టాను. నేరుగా డైరెక్టరుగారి గదిలోకి వెళ్లి, "సర్, హల్కా ఇసీలియే హై క్యోంకి సారా బోఝ్ ఉస్‌నే ఉఠాయా హై" అని ఒక్క తప్పూ లేకుండా అప్పజెప్పాను. ఆయన నవ్వలేదు. "బాత్ తో సహీ హై. లేకిన్ లెటర్ తో కల్ హీ చలా గయా" అన్నారు. మాట నిజమే, కానీ కాంట్రాక్టు పొడిగించడం లేదన్న ఉత్తరం నిన్ననే వెళ్లిపోయింది. నేను ఠీక్ హై అన్నాకే ఎవరో టైపు చేసి ఉంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఆమె తన సీటు దగ్గర సొరుగు ఖాళీ చేస్తోంది. వెళ్లి పక్కన నిలబడ్డాను. డైరెక్టరుగారితో ఇలా చెప్పానమ్మా అని ఆ హిందీ వాక్యం మొత్తం మళ్లీ చదివాను.

"నాకెందుకు సార్ హిందీల? తెలుగుల చెప్పుండ్రి" అంది.

చెప్పాను. "బరువంతా నువ్వు మోశావు కాబట్టే అది తేలిగ్గా ఉందమ్మా."

ఆమె స్టీలు డబ్బా సంచిలో పెట్టుకుని, జిప్పు లాగి, అప్పుడు నాకేసి చూసింది. కోపంగా కూడా లేదు.

"గీ మాట నిన్న అనాల్సుండె సార్."

ఆమె ఇప్పుడు నోయిడాలో ఇంకో కంపెనీలో, మళ్లీ కాంట్రాక్టు మీదే ఉంది. మా గేట్ల సిస్టమ్‌ని నేనొక్కణ్ణే చూసుకుంటున్నాను. డైరెక్టరుగారు అన్నది నిజమే, ఒక్కడు చాలు. నెలలో చాలా రోజులు అక్కడ నాకు చేయడానికేమీ ఉండదు. ఆమె అలా చేసి వెళ్లింది.