బుజ్జికి పాలసొర

మొన్న పనిమీద రాజమండ్రి వెళ్ళినప్పుడు కుక్కల సామాను అమ్మే కొట్టొకటి కనబడితే లోపలికి వెళ్ళాను. గొలుసులూ సబ్బులూ దాటాక ఓ ఫ్రీజరు ఉంది. దాన్నిండా పచ్చి మాంసం పొట్లాలు, చేప ముక్కల పొట్లాలు, అన్నీ కుక్కలకేనట. నా ముందున్న పెద్దమనిషి "మావాడికి చేప పడదండి, చికెనే ఇవ్వండి" అని గొంతెత్తి అడిగి మరీ పట్టుకెళ్ళాడు. ఎవరూ తల తిప్పి చూడలేదు. కుక్కకి పచ్చి చేప కొనడం కోసం ఒకప్పుడు నేను పన్నెండు రోజులపాటు ఆడిన అబద్ధాలు గుర్తొచ్చి, ఆ ఫ్రీజరు ముందే నిలబడి నవ్వుకున్నాను.

అప్పటికి నేను కాలవల డిపార్ట్‌మెంటులో రిటైరై ఏడాదైంది. పాలకొల్లులో కాలవగట్టు మీద మా ఇల్లు. మాకు ఒక్కడే కొడుకు, ఆడపిల్లలు లేరు. ఎక్కణ్ణించో వచ్చి మా అరుగు కింద చేరిన వీధికుక్కకి మా ఆవిడ బుజ్జి అని పేరు పెట్టి, పెరుగన్నం అలవాటు చేసింది. అది ఐదు పిల్లల్ని పెట్టి, ఏమైందో ఏమో, తిండి మానేసింది. పెరుగన్నం చూస్తే మొహం తిప్పుకునేది. పాలు పడలేదు. మూడో రోజుకి రెండు పిల్లలు పోయాయి. మిగిలిన మూడూ తల్లి పొట్ట వెతుక్కుంటూ కీచుమంటుంటే, మా ఆవిడ అక్కడ నిలబడలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది. పశువుల డాక్టరుగారు వచ్చి చూసి, "సూదిమందు వేశానండి. కానీ లోపలికి తిండి వెళితేనే పాలు. వండింది ముట్టట్లేదు కాబట్టి తాజా చేపలేవైనా పచ్చివే పెట్టి చూడండి. ఇవాళ రేపట్లో తినకపోతే ఇక నేను చెప్పలేను" అన్నారు.

మర్నాడు తెల్లవారగానే సంచీ పట్టుకుని చేపల మార్కెట్టుకి పరిగెత్తాను. మొదట్లోనే కూర్చునే చేపలామె అప్పుడే తట్ట దింపింది. నాకంటే ముందొకాయన పిల్లికి నాలుగు చేపలు పడెయ్యమన్నాడు. "బోణీ బేరం పిల్లికా అండి? రోజంతా నా తట్ట కదలొద్దా?" అని ఆవిడ అతన్ని పంపేసింది. తర్వాత నా వంతు. నాది పిల్లి కూడా కాదు. ఇంకెవరిచేతనైనా బోణీ కానిచ్చి, కాసేపాగి రావచ్చు. ఆ తెలివి నాకు ఇంటికొచ్చాక వచ్చింది. "తమరికి ఇంట్లోకేనా అండి?" అని ఆవిడ అడిగేసరికి, "మా అమ్మాయి పురిటికొచ్చిందమ్మా, పాలు పడట్లేదు" అనేశాను. ఆవిడ మొహం మెత్తబడిపోయింది. తట్ట అడుగునుంచి పాలసొర తీసింది. బాలింతకి పాలు పడాలని మా వైపు పిట్టు చేసి పెట్టే చేప అది. "వేడివేడిగా పెట్టమనండి. అమ్మాయి పేరేంటి బాబుగారూ?" అంది. బుజ్జి అన్నాను. ఆ పొద్దున నేను చెప్పిన నిజం అదొక్కటే.

పచ్చి ముక్క ముందు పెడితే బుజ్జి ముందు వాసన చూసింది, తర్వాత నాకింది, ఆ తర్వాత నా వేళ్ళు దక్కడమే గొప్ప. రెండో రోజు సాయంత్రానికి పిల్లల అరుపులు తగ్గాయి. మా ఆవిడ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఇక రోజూ పొద్దున్నే అక్కడికే. రోజూ ప్రశ్నలే. పిట్టు ఎలా కుదిరిందండి అంటే, ఉప్పు తగ్గిందన్నాను. అల్లుడుగారు వచ్చి చూశారా అంటే, సెలవు దొరకలేదన్నాను. "పెళ్ళాం ఇలా ఉంటే సెలవేంటండి" అని ఆవిడ మండిపడితే, నాకూ అతని మీద కోపం వచ్చింది. లేని కూతురి కబుర్లు చెప్పడం నాకు బాగానే ఉండేది, అబద్ధమెందుకు. మా ఆవిడకి మాత్రం ఈ పురాణం చెప్పలేదు.

పన్నెండో రోజు మార్కెట్టు నుంచి వచ్చి నేను స్నానం చేస్తుంటే వీధిలో చేపలామె గొంతు వినబడింది, ఇల్లెవరినడిగి కనుక్కుందో ఏమో. "బుజ్జమ్మని చూసిపోదామనొచ్చానండి." మా ఆవిడ సంబరపడిపోయి, "రా అమ్మా, పెరట్లో ఉంది" అంది. తల తుడుచుకోకుండానే పరిగెత్తాను. అప్పటికే ఆవిడ పెరట్లో నిలబడి ఉంది. చేతిలో చంటిపిల్లలకి వేసే నల్లగాజులు. తిట్టినా పడదామనుకున్నాను. రేపటినుంచి చేప ఇవ్వనంటేనో? పిల్లలింకా కళ్ళు కూడా సరిగ్గా తెరవలేదు.

ఈలోగా బుజ్జి లేచొచ్చి ఆవిడ చేతులు వాసన చూసి, రోజూ తన తిండితో వచ్చే వాసన అదేనని పోల్చుకుందేమో, తోక ఊపడం మొదలెట్టింది. ఆవిడ మెల్లిగా కింద కూర్చుంది.

"ఉప్పు తగ్గిందన్నారు కదండి బాబుగారూ," అంది నావైపు చూడకుండా. "చప్పిడి పిట్టు ఆ పిల్లెలా తిందోనని ఆ రోజంతా అదే ఆలోచించాను."

"తప్పైపోయిందమ్మా. బోణీ అని భయపడి..."

"కుక్కకని చెబితే ఇచ్చేదాన్ని కాదు, నిజమే. పాలు పడ్డాయా, లేదా?"

"పడ్డాయమ్మా."

"మరింకేంటి" అని, నల్లగాజు ఒకటి దారానికి గుచ్చి, అన్నిటికంటే బక్కదాని మెడలో కట్టింది. వెళుతూ వెళుతూ, "రేపట్నుంచి బోణీ అయ్యాక రండి. కుక్కకేనని చెప్పండి" అంది. ఆ రాత్రి నేను పడుకున్నట్టు రిటైరయ్యాక ఎప్పుడూ పడుకోలేదు.

ఇది జరిగి తొమ్మిదేళ్ళైంది. పిల్లలు మూడూ మూడిళ్ళలో పెరిగాయి. ఆవిడ తట్ట ఇప్పటికీ అక్కడే దింపుతుంది. నన్ను చూడగానే, "అమ్మాయి తింటోందా అండి?" అని పదిమందిలో అడుగుతుంది. పళ్ళు అరిగిపోయాయమ్మా అంటే ముల్లు తీసి, చిన్న ముక్కలు కోసి ఇస్తుంది. అందుకే రాజమండ్రి కొట్లో ఏమీ కొనకుండా వచ్చేశాను. బోణీకి జడిసి ఒక పొద్దున నేనాడిన 'మా అమ్మాయి' అన్న అబద్ధం, ఇన్నేళ్ళు గడిచేసరికి నిజమై, ముసలిదై, మా గుమ్మంలో తల వాల్చుకుని నాకోసం ఎదురుచూస్తోంది.