మా గుమ్మం ముందు బొగ్గు బస్సు

మాది పాళెగాళ్ల ఇల్లు. ఈ మాట మా తాత కాలంలో ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది. మా నాయన కాలంలో అప్పుడప్పుడు చెప్పవలసి వచ్చింది. నా కాలంలో చెప్పినా ఎవరూ తల తిప్పి చూడలేదు.

చంద్రగిరి దాటి చిత్తూరు పోయే దారిలో, ఊరికి కొంచెం ఇవతల, రోడ్డు పక్కనే ఉండేది మా ఇల్లు. చుట్టూ మట్టిగోడ, ముందు రెండు బండ్లు పక్కపక్కన పట్టేంత గుమ్మం, వెనక ఒక గుట్ట. పొలాలన్నీ పోయి రెండు మళ్లూ ఆ గుట్టా మిగిలాయి. తుమ్మ, చండ్ర, రాళ్లు తప్ప మరేమీ లేని గుట్టను ఎవరూ అడగలేదు కాబట్టి అది మిగిలింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఊరు మా ఇంటికి కట్టు కట్టి, మమ్మల్ని వెలివేసింది. ఊరికి తూర్పున క్రైస్తవుల పల్లె ఒకటి ఉంది. వాళ్లు శవాన్ని మోసుకుపోయే దారిని ఊరి పెద్ద తన చెరకు తోటలో కలిపి దున్నేశాడు. పల్లెవాళ్లు చిత్తూరు కోర్టుకు పోయి మా నాయనను సాక్ష్యానికి పిలిచారు. "ఆ దారి మా తాత ఇచ్చినాడు. ఇచ్చేటప్పుడు ఎవుర్నీ అడగలేదు. ఇప్పుడు తీసుకునేదానికి వీడెవుడు?" అని చెప్పి వచ్చాడాయన. పల్లె మీద ప్రేమతో చెప్పింది కాదు. మా ఇంటివాళ్లు ఇచ్చినదాన్ని ఇంకొకడు దున్నడం ఆయనకు పడలేదు.

మరునాడు రచ్చలో ఊరంతా కూర్చుని కట్టుబాటు చేసుకున్నారు. మా ఇంటికి మంగలి రాకూడదు, చాకలి రాకూడదు. కూలికి ఎవరూ రాకూడదు, మాతో ఎవరూ మాట్లాడకూడదు. మాకు ఏదీ అమ్మకూడదు, మా దగ్గర ఏదీ కొనకూడదు. కేసు ఇంకా నడుస్తోంది. మా నాయన రచ్చకు వచ్చి "ఆ దారి సంగతి నాకు సరిగా గుర్తులేదు" అని ఒక్క మాట అంటే, ఆ మాటే మళ్లీ కోర్టులో చెబితే, అంతా మాఫీ.

మొదటి సంవత్సరం మా చెనక్కాయలు పీకేవాళ్లు లేక భూమిలోనే మొలకెత్తాయి. ఉప్పు అయిపోయిన రోజు అమ్మ ఉప్పు లేని సంగటే పెట్టింది. నాయన తిని, బాగుందన్నాడు. ఇంకో వేసవి ఇట్లా గడిస్తే ఆయన రచ్చకు పోక తప్పదని నాకు తెలుసు. పోయి ఆ మాట అన్న తరువాత ఆయన ఎక్కువ రోజులు బతకడని కూడా తెలుసు.

అటువంటి సమయంలో బస్సాయన వచ్చాడు. ఆయన తండ్రి ఒకప్పుడు మా గూడుబండి తోలేవాడు. ఈయన బస్సులు కడిగి, బస్సు నడిపి, చివరకు తిరుపతిలో సొంతంగా బస్సులు తిప్పే స్థితికి వచ్చాడు. పెట్రోలు దొరకని రోజులు కాబట్టి బస్సులన్నీ బొగ్గు మీద నడిచేవి. బస్సు వెనక మనిషెత్తు పీపా ఒకటి బిగించి, అందులో బొగ్గులు మండించి, అందులోంచి వచ్చే గ్యాసుతో ఇంజను నడిపేవాళ్లు.

నాయన అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. బస్సాయన కింద నిలబడ్డాడు.

"దండాలు దొరా. మీ గుట్ట సూసొచ్చినాను."

"ఆడ ఏముండాదిరా సూసేదానికి?"

"నా బస్సులకు మేత ఉండాది." చెప్పవలసింది ముందే ఆలోచించుకుని వచ్చినట్టున్నాడు. "పదేండ్లు. మీ గుట్ట బొగ్గంతా నాకే. యుద్ధం నిలిసిపోయినా సరే, పెట్రోలు ఏట్లో పారినా సరే. మీకు కావాల్సిన ఉప్పు, కిరసనాయిలు, గుడ్డ అన్నీ నా బస్సులో వస్తాయి. మంగలోడు కూడా వస్తాడు."

"మంగలోడా?"

"తిరపతిలో మంగళ్లకేం కరువు దొరా! టాపు మీద కూసోబెట్టుకోని వస్తా."

నాయన రోడ్డు వైపు చూశాడు. "రేటు సంగతి మావోడు మాట్లాడతాడు. నాకొకటి కావల్ల. నీ బస్సు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మా గుమ్మం ముందర నిలబడల్ల. హారను కొట్టల్ల."

"ఈడ ఎక్కేవాళ్లు యాడుండారు దొరా? మీ ఊరోళ్లు మీ నీడ తొక్కరు. మీరా, ఎక్కరు."

"ఎక్కను. నిలబడల్ల."

ఆ షరతు నాకు సబబుగానే తోచింది. ఇప్పటికీ తోస్తుంది. బస్సాయన నవ్వలేదు. సరేనన్నాడు. అప్పుడు నాయన, ఆయనను ఒరే అని పిలవడం మానేసి, "కూర్చో అప్పా" అన్నాడు. మా అరుగు మీద ఆ ఇంటి మనిషి కూర్చోవడం అదే మొదలు.

ఊళ్లో కూలి పోయిన పల్లెవాళ్లు మా గుట్ట మీద పనికి వచ్చారు. ఎండిన మొద్దులను కుప్పగా పేర్చి, ఆకు కప్పి, మట్టి మెత్తి నిప్పు పెట్టేవాళ్లు. మంట కనిపించదు. గుట్ట నిండా నీలంగా పొగ లేచేది. కుప్ప విప్పితే మొద్దు రూపం మొద్దుకే ఉండి, చేతికి తేలికగా, గాజులాగా గలగలమనేది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యం తీరేది కాదు.

మొదటి రోజు బస్సు వచ్చి గుమ్మం ముందు నిలబడింది. హారను కొట్టింది. నాయన కుర్చీలోంచి లేవకుండా తల పంకించాడు. క్లీనరు పీపాలోని బూడిద లాగేసి, మా బొగ్గు పోసి, పక్కనున్న గాలి కొట్టే చక్రం తిప్పాడు. పీపా కింద ఎర్రగా వెలుగు వచ్చింది. ఇంజను దగ్గింది, ఇంకోసారి దగ్గింది, అంతలో బస్సంతా ఒక్కసారిగా వణికి కదిలింది. మా గుట్ట మీద మేకలు కూడా ముట్టని తుమ్మ చెట్టు అంతమంది మనుషులను కూర్చోబెట్టుకుని చిత్తూరు పోతోంది. నేను రోడ్డు మీద దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడిపోయాను.

బూడిద తీసి బొగ్గు నింపడానికి మా దగ్గర ఎట్లాగూ ఆగాలి. మళ్లీ ఊళ్లో ఆగితే నిప్పు చల్లబడుతుందని బస్సాయన రచ్చ దగ్గర ఆపడం మానేశాడు. ఇది మేము ఎవరమూ అనుకున్నది కాదు. ఊళ్లో బస్సు ఎక్కాలన్నవాళ్లంతా మా గుమ్మం దగ్గరికి రావలసి వచ్చింది.

మొదట రోడ్డు అవతల ఎండలో, మాకు వీపు పెట్టి నిలబడేవాళ్లు. ఎండలు ముదిరాక గోడ నీడలోకి వచ్చారు. నీడలో నిలబడితే మాతో మాట్లాడినట్టు కాదు కదా. తరువాత ఆడవాళ్లు అరుగు చివర కూర్చున్నారు. ఒక ముసలామె అమ్మను "రొన్ని నీళ్లియ్యి తల్లీ" అని అడిగి, ఆ సాయంత్రం రచ్చలో తప్పు కట్టింది. మాతో నోరు విప్పినవాళ్లు ఎవరైనా అందరి ముందూ తప్పు ఒప్పుకుని చెల్లించాలని కట్టుబాటు. మగవాళ్లయితే తలపాగా తీసి మరీ చెల్లించాలి.

ఇదంతా చూసి ఊరి పెద్ద ఒకరోజు బస్సు దగ్గరికే వచ్చాడు. మా గుమ్మానికి పది బారల దూరంలో, మాకు వినపడేటట్టే మాట్లాడాడు.

"ఏమప్పా, ఈ బొగ్గులాయన్ని ఇడిసిపెట్టు. బస్సు రచ్చ కాడ నిలుపు. ఊరి చెనక్కాయ మూటలన్నీ నీ బస్సుకే ఏపిస్తా. బొగ్గు పాకాల నుంచి తెప్పించుకో."

మూటలంటే చిన్న బేరం కాదు. బస్సాయన కాదనడానికి కారణమేమీ నాకు కనిపించలేదు.

బస్సాయన చేతుల బూడిద దులుపుకున్నాడు. "మాట బాగుండాది మామా. అయితే ఒకటి. రేపు నా మీద కోపమొస్తే నాకూ కట్టు కడతారు మీరు. నన్నిడిసి ఇంకొకణ్ణి పిలుసుకుంటారు. ఈ దొరకు పోయేదానికి ఇంకో సోటు లేదు. నాక్కావాల్సింది అట్లాంటోడే."

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. అయినా దాని పెద్దతనం చూసి దిమ్మెరపోయాను. మాకు వేరే దిక్కు లేదన్న ధైర్యంతోనే ఊరు మమ్మల్ని వదిలేసింది, ఆ దిక్కు లేకపోవడం చూసే ఆయన మమ్మల్ని పట్టుకున్నాడు. యుద్ధం ముగిసి పెట్రోలు వచ్చాక కూడా ఆయన బొగ్గు మానలేదు. తిరుపతి హోటళ్లకు అమ్ముకుంటూ, అన్న పదేండ్లూ తీసుకుపోయాడు. "ఇంక నీకెందుకప్పా?" అని నాయన అడిగితే "పదేండ్లన్నాను గదా దొరా" అన్నాడు, అంతే.

యుద్ధం ఇంకా నడుస్తుండగానే, ఊరి పెద్ద బేరానికి వచ్చిన మరుసటి వేసవిలో, కోర్టు మళ్లీ సాక్ష్యానికి పిలిచింది. మా ఎద్దులు అప్పటికే లేవు. నాయన సిల్కు తలపాగా చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, మొదటిసారిగా ఆ బస్సు ఎక్కాడు. అదే కేసుకు ఊరి పెద్ద కూడా ఎక్కాడు. ముందు సీట్లో ఇద్దరికే చోటు. ఒకరు ఇటు, ఒకరు అటు చూస్తూ కూర్చున్నారు.

చిత్తూరుకు ముందు ఒక మిట్ట ఉంది. సగం ఎక్కి ఇంజను నీరసించిపోయింది. "అందరూ దిగి తొయ్యండప్పా, కోర్టు టైముకు పోవల్ల" అని కేకేశాడు డ్రైవరు. అందరూ దిగారు. నాయనను కూర్చోమన్నారు. ఆయన దిగాడు. పైపంచె నడుముకు బిగించి, బస్సు వెనక పీపా పక్కన రెండు చేతులూ ఆనించాడు. మా ఇంట్లోవాళ్లు దేన్నైనా నెట్టడం నేను చూడడం అదే మొదలు. రెండోవైపు ఊరి పెద్ద ఉన్నాడు. ఆయనకు నవ్వాగలేదు.

"తొయ్యి దొరా, బాగా తొయ్యి! నీ బొగ్గే గదా ఇది!"

"నా బొగ్గు మంచిదేలే. నీ బరువుకు సాలడం లేదు."

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులో టాపు మీది నుంచి ఎవరో అరిచారు. "పెద్దాయన దొరతో మాట్లాడినాడోయ్!" నవ్వులన్నీ టక్కున ఆగిపోయాయి. ఊరి పెద్ద మొహం పాలిపోయింది. బస్సు మాత్రం మిట్టెక్కింది.

కోర్టులో నాయన మొదట చెప్పిన మాటే చెప్పాడు. ఒక్క అక్షరం తగ్గించలేదు. కొన్నాళ్లకు దారి పల్లెకే వచ్చింది.

రచ్చలో ఏం జరిగిందో రెండు రోజుల తరువాత బస్సాయన వచ్చి చెప్పాడు. ఊరి పెద్దను అడిగే ధైర్యం ఎవరికీ లేదట. ఆయనే లేచి, తలపాగా తీసి అరుగు మీద పెట్టి, తప్పు చెల్లించాడట. "నేనే నిలబెట్టుకోలేని కట్టు మీకెందుకు? తీసేసినాను పొండి" అన్నాడట.

"తలపాగా తానే తీసినాడా?" అని అడిగాడు నాయన.

"తానే తీసినాడు దొరా."

ఆ రోజు నాయన అన్నం కూడా సరిగా తినలేదు. గెలిచినవాడి మొహం కాదది. ఏదో పెద్దదాన్ని దగ్గర నుంచి చూసి వచ్చినవాడిలా ఉన్నాడు.

మరుసటి సోమవారం ఊరి పెద్ద బస్సు కోసం వచ్చి గోడ నీడలో నిలబడ్డాడు. నాయన లోపలి నుంచి రెండో కుర్చీ తెమ్మన్నాడు. నేను తెచ్చి వేశాను. ఆయన కాసేపు చూసి, మెట్లెక్కి వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ, ఎండ సంగతీ చెరకు ధర సంగతీ మాట్లాడుకున్నారు.