ఎనిమిది దాటినవాళ్లకే

కోదాడలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నప్పుడు మాకు ఇష్టమైన సబ్జెక్టు, అంటే ఎలక్టివ్, ఒకటి ఎంచుకొమ్మన్నారు. ఒకటి ఇమేజ్ ప్రాసెసింగ్, అంటే కెమెరా తీసిన బొమ్మలో ఏముందో కంప్యూటర్ చేత గుర్తుపట్టించే విద్య. ఆ పాఠం చెప్పే మేడమ్ మార్కులు వెయ్యడంలో పరమ పిసినారి. రెండోది పర్యావరణ పరిరక్షణ. పేపర్ నిండా రాస్తే పై గ్రేడు ఖాయం. నేను క్షణం ఆలోచించకుండా పర్యావరణాన్ని కాపాడటానికి సిద్ధపడ్డాను.

హాస్టల్లో నా రూమ్మేట్‌ది సూర్యాపేట దగ్గర పల్లె. వాళ్లింట్లో గొర్లు కాస్తారు. ఆమె మేడమ్ క్లాసులో చేరింది.

"ఏందే, పిచ్చి లేసిందా? గ్రేడు పోతది," అన్నాను.

"పోతే పోనీయ్. నాకు గదే నేర్సుకోవాలనుంది."

గ్రేడు పోయింది. ఆమె సగటు పదికి ఎనిమిది కూడా లేకుండా జారింది. నాది తొమ్మిది దాటింది. మిర్యాలగూడలో మా నాన్న తను పనిచేసే రైస్ మిల్లులో అందరికీ చాయ్ తాగించాడు.

తర్వాతి సెమిస్టర్‌లో ఒక హైదరాబాద్ కంపెనీ ఇంటర్న్‌షిప్‌లు ఇస్తామని వచ్చింది. సగటు ఎనిమిది దాటినవాళ్లే రావాలన్నాడు ఉద్యోగాల వ్యవహారం చూసే ప్లేస్‌మెంట్ సారు. నా రూమ్మేట్ వెళ్లి బతిమాలింది.

"రూల్ రూలేనమ్మా. నీ ఒక్కదానికి ఒప్పుకుంటే రేపు అందరూ వచ్చి కూర్చుంటారు," అన్నాడాయన.

ఆమె నా బ్యాగు పట్టుకొని బయట బెంచీ మీద కూర్చుంది. లోపల ఇంటర్వ్యూలో నన్నడిగిన మొదటి ప్రశ్న, మసక ఫొటోలో వస్తువు అంచును ఎలా పట్టుకుంటారని. రెండోదీ అలాంటిదే. నేను చదివింది పర్యావరణమని ఒప్పుకున్నాను. "గ్రేడు చాలా బాగుంది," అని ఒకాయన మెచ్చుకొని, మంచినీళ్లు తాగి వెళ్లమన్నాడు. మా క్లాసులో ఎవరికీ ఇంటర్న్‌షిప్ రాలేదు.

బయటికొచ్చి ప్రశ్నలు చెబితే, ఆమె అన్నిటికీ జవాబులు చెప్పి, మొహం అటు తిప్పుకుంది. ఆ పూట అన్నం కూడా తినలేదు.

ఆదివారం ఇంటికెళ్లి ఈ కథంతా నాన్నకు చెప్పాను.

"మా మిల్లుల బియ్యం ఏరే మిషన్ కెమెరాతోనే నడుస్తది బిడ్డా. నల్ల గింజ కనవడితే గాలికొట్టి అవతల పడేస్తది. దాని కంపెనీవోళ్లు గీడనే ఉన్నరు. ఆ పిల్లను ఒకపారి రమ్మను," అన్నాడు.

ఆమె వెళ్లి వచ్చింది.

"మార్కులు అడిగిండ్రా?"

"లేదు. మంచి గింజల్ని గూడ మిషన్ ఎందుకు పడేస్తదో సూడమన్నరు. సూసి చెప్పిన. సోమవారం నుంచి వస్తవా అన్నరు."

అంతా అయ్యాక కాలేజీ అనుమతి అడ్డం పడింది. ఇంటర్న్‌షిప్‌కు సెలవు కూడా ఎనిమిది దాటినవాళ్లకేనట. నాకు అనుమతి ఉంది, ఇంటర్న్‌షిప్ లేదు. ఆమెకు ఇంటర్న్‌షిప్ ఉంది, అనుమతి లేదు. చివరికి ఆ పిసినారి మేడమే ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

"నా క్లాసులో పాసవడమంటే మాటలా అండీ? ఈ అమ్మాయికి పూచీ నాది," అని సంతకం పెట్టి వచ్చింది.

ఆ సోమవారం నుంచి వేసవి అయ్యేదాకా ఆమె మా ఇంట్లోనే ఉండి పనికి పోయింది. చదువు కాగానే అక్కడే ఉద్యోగం ఇచ్చారు. వెంటనే కాలేజీ గేటుకు ఆమె ఐడీ కార్డు మీది మసక ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. దాని మూలన ప్లేస్‌మెంట్ సారు నవ్వుతున్నాడు.

సర్టిఫికెట్ల కోసం నాతో వచ్చిన ఆమె బస్సు దిగి దాన్ని చూసింది.

"అడిగితే జర మంచి ఫొటో ఇద్దును గదనే," అంది.