చెప్పులు విప్పి నేర్చిన క్లచ్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్ మాస్టర్ నలుగురి ముందర నా బిడ్డను, "ఈ వయసుల నీకెందుకమ్మా, ఇంట్ల కూసోక" అని బండిలోంచి దించేశాడు. అది తప్పు. ఇప్పటికీ తప్పే అంటాను.

అల్లుడు పోయినంక అతని ట్రాలీ ఆటో తనే నడిపి, బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి సరుకు తెచ్చి చంపాపేట్‌లో అమ్ముకొని పిల్లల్ని సాకాలనుకుంది నా బిడ్డ. నేను బడి మొఖం చూడని లారీ డ్రైవర్ని, మైలురాళ్ల మీదే అక్షరాలు నేర్చుకున్నాను. చూపు తగ్గి స్టీరింగ్ వదిలినప్పటి నుంచి పొద్దు గడవక కూర్చున్నాను.

"చెప్పులు విప్పు బిడ్డా, క్లచ్ కాలికి తెల్వాలె" అని మా లారీవాళ్ల పద్ధతిలోనే నేర్పడం మొదలుపెట్టాను. ఆ ఎండాకాలం పొద్దులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది.

లైసెన్సు వచ్చి, మొదటి మామిడిపండ్ల లోడుతో ఎల్బీనగర్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి ఆగిపోయి వెనక్కి జారింది. వెనక బస్సు. అరిచింది పక్కన కూర్చున్న నేనే.

"నాయినా, జర గమ్మునుండు. నా కాలికి తెలుస్తుంది" అని అది మెల్లగా బండిని పైకెక్కించింది.

నా రోషం ఆగలేదు. "నడువు, ఆ మాస్టర్ ముందట ఆపుదాం" అన్నాను.

"వద్దు నాయినా, ఎండ ముదురుతుంది. పండ్లు మెత్తవడ్తయి" అంది.