పెట్టెలోంచి తీసిన రోజు అది బాగానే ఎగిరింది

మెడలో ఉన్నది తులసిమాల. దాని కింద ఐదేళ్లుగా ఇంకొకటి మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది బోధన్ దగ్గరి పల్లె. కళ్లజోడులో చూస్తూ ఎగరేసే ఎఫ్‌పీవీ డ్రోన్లను నా చేత్తోనే బిగించి, పెళ్లి వీడియోలు తీస్తాను. రెడీమేడ్‌వి, కంప్యూటర్లో అంకెలు సరిచేసే ట్యూనింగ్ చేయందే సరిగా ఎగరవని అందరికీ చెప్పేవాణ్ణి. అప్పట్లో అది నిజంగానే నమ్మాను.

మా ఊరి నర్సింలు ఒకటి కొన్నాడు. పెట్టెలోంచి తీసి చెరకు తోట మీద ఎగరేశాడు. వణుకు లేదు, తూలడం లేదు. నెలల తరబడి నేను కుస్తీపట్టి సాధించింది వాడికి పెట్టెలోనే వచ్చింది. ఆ సాయంత్రం భజనలో నోరు పాడుతూనే ఉంది. లోపల కుళ్లుకున్నాను.

సప్తాహం చివరి రోజు, ఊరేగింపును వీడియో తీసే ముందు, వాడే డ్రోన్ నా చేతికిచ్చాడు.

"అన్నా, ఒక్కపారి సూడరాదు. నువ్వు సూస్తే నాకు ధైర్నం."

ల్యాప్‌టాప్‌కు తగిలించి అంకెలు మార్చాను. మెరుగు చేస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. అంకెలు మరీ పెంచితే మోటార్లు కాలిపోతాయని తెలియదా? తెలుసు. ముందు ఖాళీ చోట ఎగరేసి చూడమనాలనీ తెలుసు. అనలేదు.

జనం మధ్య అది గిలగిలా కొట్టుకుని పడింది. తులసికుండ తల మీద మోస్తున్న నర్సింలు వాళ్లమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. రెక్కలు వేళ్లను కోసేశాయి. బీడీలు చుట్టే వేళ్లు. ఇప్పుడవి వంగవు.

భజన పెద్ద అందరి ముందూ నన్నే అడిగాడు. "మాల ఏసుకున్నోనివి, అబద్ధమాడవు. తప్పెవలిదో నువ్వే జెప్పు."

"రెడీమేడ్‌వి గంతే కాకా. ట్యూనింగ్ లేకుంటె గిట్లనే పడ్తయ్."

నర్సింలు ఏడ్చాడు. "నీ మాట ఇనకపోతి అన్నా. మా అవ్వ చెయ్యి నేనే ఖరాబ్ జేస్తి."

మాల వేసుకున్ననాడు విఠలుడి ముందు అబద్ధమాడనని మాటిచ్చిన నోరే ఆ అబద్ధమాడింది. మాల తెగలేదు. దేవుడు నన్ను వదిలేశాడా, లేక ఇదే శిక్షా? నేనన్న ఆ మాట చుట్టుపక్కల పాకి, రెడీమేడ్ కొన్న ప్రతివాడూ ట్యూనింగ్‌కు నా దగ్గరికే వస్తున్నాడు. చాలావాటికి చేయాల్సిందేమీ ఉండదు. రెండు రోజులు ఉంచుకుని తిరిగిచ్చేస్తాను.

నర్సింలు డ్రోన్ మానేశాడు. పోయినేడు వాడూ మాల వేసుకున్నాడు. మాలధారులం ఒకరి కాళ్లకు ఒకరం మొక్కుతాం. ప్రతి ఏకాదశికీ వాడు నాకు మొక్కుతాడు. తర్వాత నేను వంగుతాను. త్వరగా లేవలేను. "సాలన్నా, లే" అంటూ భుజాలు పట్టి లేపుతాడు. అది భక్తి అనుకుంటాడు.

క్షమాపణ అడిగే ముఖం లేదు. ఈ ఒక్క ముక్క రాసి ఊపిరి తీసుకుంటాను. ఆ డ్రోన్ బాగానే ఎగిరింది. నేను ముట్టుకున్నాకే పడింది.