డాస్, విండోస్, మా ఇంటి షట్‌డౌన్

పవర్ హౌస్ మార్కెట్ నుంచి వచ్చి, కూరల సంచి కింద పెట్టి కంప్యూటర్ ఆన్ చేశాను. మేఘాల బొమ్మ తర్వాత రావలసిన ఐకన్లు రాలేదు. తెర నీలంగా మారి, డిస్కులో తప్పులు ఉండొచ్చని ఇంగ్లిషులో రాసింది.

ఆ డిస్కులోనే నా రాత ఉంది. నెహ్రూ నగర్‌లో ఒక చిన్న స్కూలు వాళ్ళు పాత కంప్యూటర్లు కొని ల్యాబ్ పెడుతున్నారు. వాటిలో కమాండ్లు టైపు చేసే పాత డాస్ ఉంచాలా, బొమ్మలు నొక్కే కొత్త విండోస్ వెయ్యాలా అని నన్నడిగారు. మా ఇంటి మిషన్‌లో రెండూ నడిపి చూసి సోమవారం చెప్తానన్నాను. నచ్చితే టీచరు ఉద్యోగం నాకే. పెళ్ళయ్యాక నా చదువుతో ఎవరికైనా పనిపడడం అదే మొదలు.

స్విచ్ వేసి కుర్చీ లాక్కునేలోపు డాస్ సిద్ధం. విండోస్ లేచేసరికి స్టవ్ మీద టీ మరిగిపోయేది. మెమరీ చాలక డిస్కు గరగరమంటూనే ఉండేది. కానీ పిల్లలకి ఒక్క కమాండూ నేర్పక్కర్లేదు, బొమ్మ చూసి నొక్కేసేవారు. ఇదంతా టైపు చేశాను గాని ఫ్లాపీలోకి ఎక్కించలేదు.

తెర మీద రెండో వాక్యం చదివాను. మిషన్‌ని సరిగ్గా ఆపలేదట.

"ఎవర్రా ఆపింది?"

"నేనే. గోడ స్విచ్ ఆపేశాను," అంది మా అమ్మాయి.

"మెనూలోంచి ఆపమన్నాను కదే!"

"అందులో షట్‌డౌన్ అని ఉందమ్మా."

"షట్‌డౌన్ హోగా తో నాన్న ఇంటికి రారు కదా!" అన్నాడు దాని తమ్ముడు, షట్‌డౌన్ అయితే అనడానికి బడి హిందీ కలిపేసి, అక్క వెనక నుంచి.

ఈ స్టీల్ ప్లాంటు ఊళ్ళో షట్‌డౌన్ అంటే ఇనుము కరిగించే ఫర్నేస్‌ని మరమ్మతుకి ఆపడమే. ఆ రోజుల్లో మా ఆయన స్నానానికి మాత్రం వచ్చి మళ్ళీ ప్లాంటుకి వెళ్ళిపోతారు.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన ఆయన మా మాటలు విని, గుమ్మంలోంచే అమ్మాయిని చూసి నవ్వారు. "ఏటే, ఫర్నేస్ ఆగిపోకుండా కాపాడేసినావా? ఉండు, మా సాబ్‌కి చెప్పి నీకు ప్రమోషన్ ఇప్పిస్తాను."

"మీకు నవ్వులాటగా ఉందండీ. నేను రాసింది పోతే సోమవారం ఏం మొహం పెట్టుకుని వెళ్ళను?"

తెర మీద డిస్కు తనిఖీ ఎంతవరకు అయిందో చూపే గీత నత్తనడకన నిండింది. ఐకన్లు వచ్చాయి. ఫైలు తెరిచాను. చివరి వాక్యం దాకా ఉంది. ముందు ఫ్లాపీలోకి ఎక్కించి, ఆ తర్వాత ఇంకో తేడా చేర్చాను: డాస్ దగ్గర పని అయ్యాక స్విచ్ ఆపేసినా పరవాలేదు, విండోస్‌కి మాత్రం చెప్పి ఆపాలి, అది పిల్లలకి మొదటిరోజే నేర్పాలి.

పొద్దున్న అమ్మాయికి జడలు వేస్తూ ఇద్దరికీ చెప్పాను. "నాన్న రాకపోయేది ఫర్నేస్ వల్ల, ఈ బటన్ వల్ల కాదు. ఎన్నిసార్లైనా నొక్కండి, నాన్న వస్తారు."