మా సుజాతకు పడనివి

మా చిన్నప్పుడు... కొత్త కందుల బండ్లు వచ్చి ఇంటి ముందర ఆగినయంటే బజారంతా సంబురం. నాకు మాత్రం గుబులు మొదలు.

సంగారెడ్డిల మాది ధాన్యం దుకాణం. ముందర దుకాణం, వెనుక ఇల్లు. దుకాణంల జాగ సరిపోక గోనె సంచులను మేం పండుకునే అర్రల గూడ పేర్చెటోళ్లు.

మూడోనాటికి మా చెల్లె సుజాతకు తుమ్ములు... పది, పదిహేను, ఆగకుంట. కండ్లు ఎర్రగ, ముక్కు కారుడు. అటెంక దగ్గు. దగ్గు ముదిరితే ఎదల పిల్లికూతలు. దానికి ఆరేండ్లు, నాకు పది. అన్నం తింటున్నా, రాసుకుంటున్నా నా చెవి దాని ఎద మీదనే ఉండేది.

"సర్ది చేసింది" అనేది అమ్మ. "ఎవరి కండ్లు పడ్డయో" అనేది పక్కింటామె. మా బాపమ్మది, అంటే బాపు తల్లిది, ఒక్కటే మాట... "గాలి తగలనియ్యకుండ్రి." కిటికీలు మూసేది. పాత చీరలతోని తానే కుట్టిన బొంత కప్పేది. సాంబ్రాణి పొగ వేసేది. సుజాత అంటే ఆమెకు పాణం. దానికి పెట్టినంకనే తాను ముద్ద ముట్టేది.

ఆ ఏడు ఒక శుక్రవారం పొద్దున... ముందటి దినం నుంచే చెల్లెకు ఆయాసం. బాపమ్మ దాన్ని మంచంల కూసోబెట్టి, తల మీదికెల్లి బొంత కప్పింది. కుంపటి దగ్గరికి జరిపి, నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి చల్లింది. తలుపు దగ్గరికేసి, విసనకర్ర నా చేతికిచ్చింది.

"ఇసురు బిడ్డా. పొగ మంచిగ తగలాలె."

ఇసిరిన. పొగ ఎంత పడితే అంత జల్దీ తక్కువైతదనుకున్న... ఇంకా గట్టిగ ఇసిరిన.

దగ్గు ఆగింది. "తగ్గింది బాపమ్మా!" అన్న.

బొంత ఎత్తి చూస్తే... గొంతు కింద గుంట పడుతున్నది. పెదవులు నేరేడు పండు రంగు. మాట వస్తలేదు. కండ్లు మాత్రం నన్నే చూస్తున్నయి.

అరిసింది బాపమ్మ. బాపు తూకం ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు, చెల్లెను భుజానేసుకొని బజారు నడుమలకెల్లి దవాఖానకు ఉరుకుడే. ఎనుక నేను. చెప్పుల్లేవు. ఆ విసనకర్ర ఇంకా నా చేతిలనే ఉన్నదని దవాఖానకు పోయినంక గని తెల్వలే...

డాక్టర్ సాబ్ సూది ఇచ్చిండు. మేం గోడకు ఆనుకొని నిలబడ్డం. బాపు ఏదో మొక్కుతున్నడు, పెదవులు కదులుతున్నయి. ఎంతసేపైందో... మెల్లగ సుజాత మొఖంల రంగు తిరిగొచ్చింది.

అందరు "ఏం తిన్నది?" అని అడిగెటోళ్లు. ఈయన మాత్రం "ఈ పాప ఎక్కడ పడుకుంటుంది?" అన్నడు.

"అర్రల సార్... కందుల సంచుల పక్కన" అన్నడు బాపు.

"ఎక్కడికైనా పోతే తగ్గుతుందా?"

బాపు కంటె ముందే నేను చెప్పిన. "ఇస్మాయిల్‌ఖాన్‌పేటల మా మేనత్త ఇంటికాడ ఒక్క తుమ్ము గూడ రాదు సార్. బడిల గూడ మంచిగనే ఉంటది. ఇంట్లనే..."

ఆయన తల ఊపిండు. "ఈ పాపకు దుమ్ము పడదు. పొగ పడదు. కొందరికి వంకాయ పడనట్టే. ఎలర్జీ అంటారు దీన్ని. పూర్తిగా పోతుందని నేను చెప్పను. పడనివాటికి దూరంగా ఉంచండి. ఆయాసం మొదలైతే మాత్రం ఇంట్లో పొగలు వేస్తూ కూర్చోకండి, వెంటనే తీసుకురండి."

పొగ అన్నమాట ఇనంగనే చేతిల ఉన్న విసనకర్రను ఆయన ముందటికి చాపిన. "నేనే ఇసిరిన సార్..." అని బోరున ఏడ్చిన.

"నీకు తెలియదు కదమ్మా. నువ్వు చెప్పబట్టే నాకు తెలిసింది" అన్నడు.

బాపు ఇంటికొచ్చి అంతా చెప్పిండు. మూడోనాడు పొద్దుగాల బాపమ్మ దుకాణంలకొచ్చి బాపును నిలదీసింది.

"పిల్ల అర్రలకెల్లి ఆ సంచులు తియ్యి."

"యాడ పెట్టాలె అమ్మా? జాగేది?"

"నా అర్రల పెట్టు. నేను అరుగు మీద పండుకుంట."

ఎంత చెప్పినా ఇనలే. ఆ చలికాలం మొదలు ఆమె పక్క అరుగు మీదనే. ఊడ్చే ముందు నీళ్లు చిలకరించుడు, తడిగుడ్డతోని తుడుసుడు, బొంతలు, మెత్తలు ఎండకేసుడు... అన్నీ తానే చూసుకునేది. చెరుగుడు, జల్లెడ పట్టుడు సుజాత బడికి పోయినంకనే. సాంబ్రాణి ఇంట్లకే రానియ్యలే.

ఒక్కసారి మాత్రం నాతోని అన్నది... "నా చేతులతోనే పిల్లను పోగొట్టుకుందునేమో గదనే."

"ఇసిరింది నేను బాపమ్మా" అన్న. ఇద్దరం ఇగ ఆ మాట ఎన్నడు ఎత్తలే.

మరుసటి ఏడు గూడ తుమ్ములు వచ్చినయి. రెండుసార్లు పిల్లికూతలు గూడ. వెంటనే దవాఖానకు తీసుకపోయినం. పెదవులు మాత్రం మళ్లెన్నడు గట్ల కాలే. కాని దుకాణంల ఎవరు తుమ్మినా మేం ఒకరి మొఖం ఒకరం చూసుకునేటోళ్లం...

ఇప్పుడు సుజాత పటాన్‌చెరుల ఉంటది. దాని మనుమరాలికి గూడ ఇదే బాధ. ఆ పిల్ల బడి సంచిల పీల్చే మందు ఉంటది. ఆట నడుమ ఆగి, తానే రెండుసార్లు పీల్చుకొని, మళ్ల ఆటకు ఉరుకుతది. అప్పట్ల గసొంటిదొకటి మా ఇంట్ల ఉంటే బాపమ్మ ఎంత నిమ్మళంగ ఉండునో...

మీ ఇండ్లల్ల గూడ చిన్నప్పుడు ఇట్ల ఏదన్న పడనోళ్లు ఉండెనా? ఎట్ల ఎల్లదీసిండ్రు? జెర చెప్పుండ్రి.

ఆ చిన్నదానికి ఏ భయం లేదు. అది మందు పీల్చుకునేటప్పుడు ఊపిరి బిగబట్టుకునేది నేను, సుజాత.